నమ్మించండి గానీ, మరీ ఇంత చవగ్గానా?

దేశం ముందు సమస్యలు చాలా ఉన్నాయి. నదీజలాల పంపకం ఉంది, రూపాయి విలువ ఉంది, సరిహద్దులున్నాయి. వాటిని చూసుకోవడానికి పెద్దలున్నారు, కమిటీలున్నాయి, రాత్రి తొమ్మిదింటికి టీవీలో ఒకరి మీద ఒకరు కేకలేసుకునే మేధావులున్నారు. ఎవరికీ పట్టని జాతీయ విపత్తు ఒకటి మాత్రం మిగిలిపోయింది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నన్ను ఎవరో ఒకరు ఏదో ఒకటి నమ్మించాలని చూస్తున్నారు. పేపరు నమ్మిస్తోంది, పాల ప్యాకెట్టు నమ్మిస్తోంది, ఆటో వెనక బోర్డు నమ్మిస్తోంది, ఫోను మోగి నమ్మిస్తోంది, మోగకపోతే టింగుమని మెసేజీ పెట్టి నమ్మిస్తోంది. మీదీ ఇదే అవస్థ అని నాకు తెలుసు. మీరు పైకి అనరు, అంతే.

నమ్మించడం తప్పని నేననను. మనది గిరీశాన్ని చూసి మురిసిపోయిన జాతి. 1892లో ‘కన్యాశుల్కం’ రంగస్థలం ఎక్కింది మొదలు ఆ మహానుభావుణ్ణి నెత్తిన పెట్టుకునే ఉన్నాం. ఎందుకంటే ఆయన కష్టపడేవాడు. వెంకటేశానికి ఒక మాట, బుచ్చమ్మకు ఒక మాట, అగ్నిహోత్రావధాన్లుకు ఇంకో మాట. ఏ మనిషికి ఆ మనిషి కొలత తీసుకుని కుట్టిచ్చేవాడు. మోసపోయినవాడికి కూడా ‘నా కోసం ఇంత శ్రమపడ్డాడు’ అన్న గౌరవం మిగిలేది. ఇప్పుడో? కోటి మందికీ ఒకటే మెసేజీ. సంబోధన ‘డియర్ కస్టమర్’. నా పేరు కనుక్కునే ఓపిక కూడా లేదు.

ఆవేశంలో అంటున్నాననుకునేరు, చదువుకునే అంటున్నాను. 1937లో న్యూయార్క్‌లో ప్రచారాన్ని విశ్లేషించడానికని ఒక సంస్థ పెట్టారు. క్లైడ్ మిల్లర్ అనే ప్రొఫెసరు దానికి ముఖ్యుడు. జనాన్ని నమ్మించే ఎత్తులు ఏడని వాళ్లు లెక్క తేల్చారు. ఎదుటివాడికి చెడ్డపేరు తగిలించడం. అర్థం తేలని మెరుపు మాటలు చల్లడం. గుడి, జెండా లాంటి పెద్దవాటి గౌరవాన్ని తమ సరుక్కి అంటించుకోవడం. పేరున్న మనిషి చేత సాక్ష్యం చెప్పించడం. మేమూ మీలాంటివాళ్లమేనని నటించడం. పనికొచ్చే ముక్కలు చూపించి మిగతావి దాచడం. అందరూ ఎక్కేశారు, మిగిలింది మీరేనని తొందరపెట్టడం. ఈ పనికి డబ్బు ఎవరిదనుకున్నారు? ఎడ్వర్డ్ ఫైలీన్ అనే బోస్టన్ వర్తకుడిది. రోజులు గడిచేకొద్దీ ధర దానంతటదే తగ్గిపోయే బేరాల అంగడిని తన దుకాణం కింది అంతస్తులో పెట్టి పేరు తెచ్చుకున్న మనిషి. అంటే డిస్కౌంటు సేలు పితామహుల్లో ఒకాయన సొమ్మే ‘జాగ్రత్త నాయనా’ అని మనకు చెప్పించింది. ఇంతలో యుద్ధం వచ్చింది, ప్రచారం అందరికీ అవసరమైంది, 1942లో ఆ సంస్థ మూతపడింది. ఎత్తులు మూతపడలేదు. ఏడింటికి ఏడూ ఇవాళ పొద్దున మా గుమ్మంలో పడ్డాయి. పేపరు మడతలో.

ఆ పేపరు సంగతే చూడండి. మొదటి పేజీ తిప్పితే ఇంకో మొదటి పేజీ వస్తుంది, అదీ తిప్పితే గానీ వార్తలున్న మొదటి పేజీ రాదు. ఫలితాల రోజుల్లో ఆ పేజీల నిండా పోస్టేజీ స్టాంపంత ఫొటోలు, ప్రతి ఫొటో కిందా ఒక అంకె: ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు. టీవీలోనైతే ఒక గొంతు ఊపిరి తీసుకోకుండా ఒకట్లు చదువుతుంది. ఒక పరీక్షకు ఒకటో ర్యాంకు ఒకటే ఉంటుందని మా చిన్నప్పుడు మాస్టార్లు చెప్పారు, పాపం వాళ్లకు తెలియదు. కళ్లజోడు తుడుచుకుని చూస్తే రహస్యం బయటపడుతుంది. ఒక ఒకటి దేశానికి, ఒక ఒకటి రాష్ట్రానికి, ఒక ఒకటి ఫలానా కేటగిరీలో, మరో ఒకటి ఒక్క సబ్జెక్టులో. ఆ పిల్లవాడు రెండేళ్లు అక్కడే చదివాడో, చివర్లో వచ్చి నాలుగు మాక్ టెస్టులు రాసి వెళ్లాడో రాయరు. మొత్తం ఎందరు చేరారో, ర్యాంకు రాక ఇంటిదారి పట్టినవాళ్లెందరో అసలే రాయరు. ముక్కలు దాచడమంటే ఇదే. కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫొటో వేయాలంటే విద్యార్థి రాతపూర్వక అనుమతి ఉండాలట, అదీ ఎంపికయ్యాక తీసుకున్నదే ఉండాలట. ఏ కోర్సులో చదివాడో, అది ఎన్నాళ్ల కోర్సో చెప్పాలట. చాలా సంతోషం. మా పక్కింటాయన మార్గదర్శకాలు చదవలేదు, ఫొటోలు చూశాడు. వెళ్లి కొడుకుని చేర్చి వచ్చాడు. ఫీజులో కూడా మొదటి అంకె ఒకటేనట.

ఇక నక్షత్రం. మన పూర్వీకులు నక్షత్రం చూసి ముహూర్తం పెట్టుకున్నారు, మనం నక్షత్రం చూసి పర్సు గట్టిగా పట్టుకోవాలి. బట్టల సబ్బుపొడి ప్యాకెట్టు మీద ‘మూడు రెట్లు ఎక్కువ తెలుపు’ అని ఉంటుంది, చివరి అక్షరం భుజం మీద చిన్న చుక్క. దేనికన్నా మూడు రెట్లు? పక్కింటి చొక్కా కన్నానా? హంస కన్నానా? ప్యాకెట్టు తిప్పి, తలకిందులు చేసి, ట్యూబులైటు కింద పట్టుకుని, అతుకు దగ్గర మడత విప్పి చూస్తే ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాల్లో సమాధానం దొరుకుతుంది: ఇదే కంపెనీవారి పాత రకం కన్నా, అదీ ప్రయోగశాలలో. నిన్నటిదాకా ‘ఇంతకు మించిన తెలుపు లేదు’ అని మనకు అంటగట్టింది ఆ పాత రకాన్నే కదా! గొప్ప ఏ భాషలో చెబితే మినహాయింపూ ఆ భాషలోనే, అందరికీ కనబడేలా ఉండాలని ప్రకటనల మీద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మాకు మాత్రం గొప్పలు తెలుగులో, షరతులు ఇంగ్లీషులో. ద్విభాషా సూత్రం ఇంత నిష్ఠగా మరెక్కడా అమలు కావడం లేదు.

మెరుపు మాటల గనులు చూడాలంటే ప్లాట్ల కరపత్రం చేతిలోకి తీసుకోండి. ప్రకృతి ఒడిలో, ప్రశాంత వాతావరణంలో, నూరు శాతం వాస్తుతో, మీ తరతరాల భవితకు బంగారు బాట. బొమ్మలో ఈతకొలను, దాని పక్కన పరుగెత్తుతున్న తెల్లదొర కుటుంబం. వాళ్లు బెజవాడ ఎండలో ఎందుకు పరుగెత్తుతున్నారో తెలియదు. ‘గన్నవరం ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరం’ అని ఉంటుంది. కూత ఎవరిదో రాయరు, విమానానిదై ఉండాలి. రాబోయే రోడ్డు, రాబోయే స్కూలు, రాబోయే ఆస్పత్రి, రాబోయే ఐటీ పార్కు. చదవాల్సింది నిజానికి ఒక్కటే. 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్టరైన ప్రాజెక్టు తన ప్రకటనలో రెరా వెబ్‌సైటు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు స్పష్టంగా వేయాలి. ఆ నంబరు కోసం వెతకండి, కరపత్రంలో ఇంకేదీ చదవక్కర్లేదు. అన్నీ రాబోయేవే గదా. వచ్చేసింది ఈఎంఐ ఒక్కటే.

పెద్దవాటి గౌరవం అంటించుకోవడంలో ఆదిగురువు ఎడ్వర్డ్ బెర్నేస్. మనసు లోతులు తవ్విన ఫ్రాయిడ్‌కు స్వయానా మేనల్లుడు. మేనమామ రోగులకు వాడిన విద్యను మేనల్లుడు గిరాకీకి వాడాడు. 1929 ఈస్టర్ ఆదివారం న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో నడిచే యువతుల చేత సిగరెట్లు వెలిగించి, అవి స్వేచ్ఛా జ్యోతులని పేపర్లలో మోగించాడు. వెనక ఉన్నది సిగరెట్ కంపెనీ సొమ్ము. మనవాళ్లు అంతకు తీసిపోలేదు. అక్షయ తృతీయకు మా నాయనమ్మ నీళ్లకుండో, విసనకర్రో దానం చేసేది. ఇవాళ ఆ రోజు గ్రాము బంగారమైనా కొనకపోతే లక్ష్మీదేవి అలిగి వెళ్లిపోతుందని హోర్డింగులు హెచ్చరిస్తున్నాయి. ఇచ్చే పండగ కొనే పండగైంది. ఆషాఢమంటే పెళ్లిముహూర్తాలు లేక బట్టల కొట్లు ఈగలు తోలుకునే నెల. దాన్ని కూడా డిస్కౌంట్ల మహోత్సవం చేశారు. తరుగులో తగ్గింపు అంటారు, మజూరీలో కలుపుతారు, మజూరీ లేదంటే రాళ్ల ధరలో కలుపుతారు. లక్ష్మీదేవి వచ్చేది నిజమే. ఎవరింటికన్నదే తేడా.

సాక్ష్యాల విషయం ఎత్తితే నా రక్తపోటు పెరుగుతుంది. తెల్లకోటు వేసుకున్న ప్రతివాడూ పళ్ల డాక్టరే. చేతిలో పలక పట్టుకుని, తల పంకించి, ‘నేను సిఫారసు చేసేది ఇదే’ అంటాడు. కింద ‘కల్పిత చిత్రణ’ అన్న మాట రెప్పపాటు మెరిసి మాయమవుతుంది. మద్యం ప్రకటనలకు టీవీలో చోటు లేదు గనుక అదే పేరుతో సోడా అమ్ముతారు, గుట్కా చూపించకూడదు గనుక అదే రంగు పొట్లంలో ఏలక్కాయ అమ్ముతారు. ఏలక్కాయ కోసం కోట్ల పారితోషికం తీసుకునే హీరోలు కొండలెక్కి, హెలికాప్టర్లు దిగి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి నవ్వుతారు. మా ఆవిడ పాయసంలో ఇన్నేళ్లుగా ఏలక్కాయ వేస్తోంది. ఒక్కనాడూ హెలికాప్టర్ అడగలేదు.

పరదేశపు సిద్ధాంతాలు చాలు, మా బెజవాడ బీసెంట్ రోడ్డుకు రండి. మా ఆవిడ ఒక నేతచీర చూసొద్దామంది. చూసొద్దాం అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. కొట్లో కాలు పెట్టామో లేదో ‘రండక్కా, కూర్చోండి బాబాయ్ గారూ’ అంటూ కుర్రాడు పరుపు దులిపాడు. వద్దంటున్నా చల్లటి కూల్‌డ్రింకులు వచ్చాయి. తర్వాత చీర మీద చీర విప్పాడు. ఒకటి తన భుజాన వేసుకుని అద్దం ముందు కుచ్చిళ్లు పెట్టి చూపించాడు. ‘ఈ రంగు అందరికీ నప్పదక్కా’ అన్నాడు. ఆ గుట్ట పెరిగేకొద్దీ నాకు ఊపిరాడలేదు. ఇన్ని విప్పించి, ఆ చల్లటిది తాగి, ఒట్టి చేతులతో ఎలా లేస్తాం? దీని మీద 1971లోనే డెన్నిస్ రీగన్ అనే మనస్తత్వవేత్త అమెరికాలో ప్రయోగం చేశాడు. అడగకుండానే కోకాకోలా తెచ్చిచ్చిన మనిషి లాటరీ టిక్కెట్లు కొనమంటే, ఏమీ పుచ్చుకోనివాళ్ల కన్నా పుచ్చుకున్నవాళ్లు దాదాపు రెట్టింపు కొన్నారట. వాళ్లకు టిక్కెట్లు, మాకు చీరలు. ఒకటి చూడ్డానికి వెళ్లి రెండు తెచ్చుకున్నాం. కూల్‌డ్రింకు మాత్రం పూర్తిగా ఉచితం.

బయటికి వెళితేనే గదా ఈ బాధ, ఇంట్లో కూర్చుందామంటే ఫోనుంది. పప్పు ప్యాకెట్టు ఒకటి ఆర్డరు పెడదామనుకుంటాను. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని ఎర్రక్షరాలు. పక్కన గడియారం వెనక్కి నడుస్తుంటుంది. కందిపప్పుకు ఇంత గండం ఎందుకొచ్చిందో అర్థం కాదు. బుట్టలోకి నేను వేయని బీమా ఒకటి ఎక్కి కూర్చుంటుంది. చివర్లో ప్లాట్‌ఫాం ఫీజు, హ్యాండ్లింగ్ ఫీజు, వాన పడితే వాన ఫీజు. వద్దనాలంటే ‘నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు’ అన్న బటన్ నొక్కాలి. ఈ వయసులో, ఈ వంశంలో పుట్టి, అలాంటి ప్రకటన మీద నేను వేలిముద్ర వేయాలా? సభ్యత్వంలో చేరడానికి ఒక్క నొక్కు, బయటపడాలంటే పద్మవ్యూహం. ఇలాంటి చీకటి ఎత్తులు పదమూడింటికి 2023 నవంబరు 30న కేంద్రం పేర్లు పెట్టి నిషేధించింది. దొంగ తొందర, బుట్టలో దూర్చడం, సిగ్గుపరచి ఒప్పించడం, చుక్కచుక్కగా ధర పెంచడం, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. నా ఫోను ఇంకా ఆ గెజిట్ చూసినట్టు లేదు.

కాలనీ వాట్సాప్ గ్రూపు గురించి రాయాలంటే వేరే గ్రంథం కావాలి. ఫలానా గింజ నానబెట్టి తింటే మోకాళ్ల నొప్పి మాయం, నాసా ధ్రువీకరించింది, పదిమందికి పంపండి. మోకాళ్లతో నాసాకు సంబంధమేమిటని అడిగినవాణ్ణి ‘మన సంస్కృతిని ద్వేషించేవాడు’ అంటారు. చూశారా, చెడ్డపేరు తగిలించడం. అబద్ధమైనా మళ్లీ మళ్లీ వింటే నిజమే అనిపిస్తుందని 1977లోనే పరిశోధకులు తేల్చారు. ఆ గింజ మెసేజీ ఎన్నిసార్లు వచ్చిందో, ఇప్పుడు మా బావమరిది దాన్ని తన సొంత అనుభవంగా చెబుతున్నాడు. ఎన్నికలొస్తే ఇక చెప్పక్కర్లేదు. కార్లోంచి దిగినాయన బండి దగ్గర దోసె వేస్తాడు, ఇస్త్రీ పెట్టె పడతాడు, పసిపిల్లల ముక్కు తుడుస్తాడు, మేమూ మీలాంటివాళ్లమే. దోసె మాత్రం మాడుతుంది. పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు ప్రచారం ఆపాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. ఆ రెండు రోజులూ మా వీధికి సంక్రాంతి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. ‘మా క్లాసులో అందరికీ ఉంది నాన్నా, నాకే లేదు’ అంటాడు మా వాడు, అందరూ బండెక్కేశారట. తెలుగులో వచ్చిన మార్కులు ముందు చూపించి లెక్కల కాగితం పుస్తకంలో దాస్తుంది మా అమ్మాయి; ముక్కలు దాచడం. ‘మీ అక్కయ్యగారింట్లో కూడా ఇదే మిక్సీ’ అంటుంది మా ఆవిడ, తిరుగులేని సాక్ష్యం. వీళ్లలో ఎవరూ న్యూయార్క్ వెళ్లి చదువుకోలేదు. ఫైలీన్ గారి సొమ్ము దండగ.

అయ్యా, ఒక్క నిమిషం గంభీరంగా మాట్లాడుకుందాం. ఈ ఎత్తుల పేర్లన్నీ వల్లించినంత మాత్రాన తప్పించుకోలేమని నాకు అనుమానం. వాళ్ల గురి మన తెలివి మీద కాదు. మన మొహమాటం మీద, మన తొందర మీద, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం మీద. అందుకే పాతబడ్డ ఎత్తే ఇప్పటికీ పారుతోంది. సరుకు మారింది గానీ మొహమాటం మారలేదు. దీనికి మందు కూడా మన ఇళ్లలోనే ఉంది. ‘ఇంట్లో అడిగి చెబుతానండీ’ అన్న మాట. ఎంత వెనక్కి నడిచే గడియారమైనా ఆ మాట దగ్గర ఆగిపోతుంది. రేపటికి కూడా ఆ ప్లాటు అక్కడే ఉంటుంది, ఆ చీర అక్కడే ఉంటుంది, ‘ఆఖరి రోజు’ ఆఫరు ఇంకో ఆఖరి రోజు పెట్టుకుంటుంది. రెండోది, మనల్ని నమ్మించేవాడికి అందుకు డబ్బు ఎవరిస్తున్నారని మనల్ని మనం అడగడం. మూడోది, ప్యాకెట్టు మీద ఉచితమన్న అక్షరాలు వదిలేసి గ్రాముకు ఎంత పడిందో చూడటం. చాలా ప్యాకెట్ల మీద అచ్చువేసే ఉంటుంది. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు పది రూపాయలుగానే ఉండి లోపల ఎలా చిక్కిపోయిందో అప్పుడు తెలుస్తుంది. అప్పటికీ అన్యాయం జరిగితే 1915కు ఫోను చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఉచితమని రాసి నిజంగా ఉచితంగా ఉన్నవాటిలో అదొకటి.

ఈ విపత్తు మీద నేనొక మహజరు తయారుచేశాను. డిమాండ్లు మూడే. షరతులు గొప్పలంత పెద్ద అక్షరాల్లో వేయాలి. ‘ఆఖరి రోజు’ అన్నవాడు మర్నాడు కొట్టు మూసుకోవాలి. నన్ను మోసం చేయదలచినవారు గౌరవంగా, కొత్త పద్ధతిలో, నా పేరు సరిగ్గా రాసి చేయాలి. మీరూ సంతకం పెట్టండి. మీలాంటి విజ్ఞులు, అభిరుచి గల పాఠకులు పెట్టకపోతే ఇంకెవరు పెడతారు? మా వీధిలో అందరూ పెట్టేశారు, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు కూడా పెట్టారు. వచ్చినవాళ్లకు మా ఆవిడ మజ్జిగ ఇస్తుంది. కాగితం మీద చోటు కొంచెమే మిగిలింది. త్వరపడండి.